రామకోటి గడుల్లో చాక్‌వాలా

పొద్దున్న పూజకు వత్తి చేసుకుంటున్నాను. ఫోను మోగింది. మా మేనకోడలు. "బువా, పాపా నహీ రహే" అంది. అత్తా, నాన్న ఇక లేరు అని. వత్తిని ప్రమిదలో వేయకుండా పక్కన పెట్టి చెప్పులు వేసుకున్నాను. గోవింద్‌పూర్ నుంచి బాగ్‌బేరాలో మా పుట్టింటి దాకా ఆటోలో రామనామం అనుకుంటూ వెళ్ళాను.

మా తమ్ముడు పోయాడు. నాకన్నా ఏడేళ్ళు చిన్న. గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో ఫిట్టరు. అలా చెబితే మీలో చాలామందికి తెలియదు. చాక్‌వాలా బొమ్మలు గీసినవాడు అంటే తెలుస్తుంది. మా వరండాలో బాసింపట్టు వేసుకుని ఆ కథ చదివిన పిల్లలు ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్ళు. పెళ్ళిలోనో, మార్కెట్లోనో వాడు కనబడితే అందరిదీ ఒకటే ప్రశ్న. "భయ్యా, బుడ్ఢా బచా క్యా?" ముసలాయన బతికాడా? వాడు నవ్వి ఊరుకునేవాడు. జవాబు చెప్పే పని ఇప్పుడు నా మీద పడింది.

తెలియనివారికోసం మొదటినుంచి చెబుతాను.

మా నాన్న రైల్వే యార్డులో గూడ్సు బళ్ళు పరీక్ష చేసేవారు. సుత్తితో చక్రం మీద కొట్టి, చప్పుడు విని, పగులు ఉందో లేదో చెప్పేవారు. బాగులేని బండి మీద చాక్‌పీసుతో అడ్డంగా గుర్తు వేస్తే దాన్ని పక్క లైనుకి తోసేసేవారు. నాన్న చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

అమ్మ రామకోటి రాసేది. ఆ పుస్తకాలు మీరు చూసే ఉంటారు. పేజీ నిండా అచ్చు గడులు, గడికొక శ్రీరామ. అమ్మకు కళ్ళు మసకబారాక రాసే పని నాకు ఇచ్చింది. అప్పుడు నాకు పద్దెనిమిది. ఒకరోజు పుస్తకం తెరిస్తే వెనక పేజీల్లో గడిగడికీ బొమ్మ. పట్టాలు, బొగ్గు వ్యాగన్లు, టోపీ పెట్టుకుని కత్తి పట్టుకున్న ఒక మనిషి. కింద పడి ఉన్న ఇంకొక మనిషి. పెన్సిలుతో, చీమ తల అంత సన్నటి గీతలతో.

"ఓలమ్మోలమ్మ! ఏటిరా ఇది? రావుడి పుస్తకంలో ఈ కత్తేటి, ఈ నెత్తురేటి?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"గడులు ముందే గీసీసి ఉన్నాయి కదమ్మా. కాలీగా ఉన్నాయని..." అన్నాడు వాడు. వాడికి పదకొండేళ్ళు. స్టేషన్లో అద్దెకు తెచ్చి చదివే బొమ్మల కథల్లో గడులుంటాయి. ఇంట్లో గడులున్న పుస్తకం ఇదొక్కటే.

"కాలీగా ఉంటే? నీ బుర్ర కాలీగా ఉంది, దాన్లో గియ్యి!"

డ్యూటీ నుంచి వచ్చిన నాన్న పుస్తకం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అందరం తిట్లకోసం చూస్తున్నాం. "పట్టాలు బాగానే గీసినాడు. బ్రేకు ఒక్కటే తప్పు" అన్నారు.

రామకోటి పుస్తకాన్ని చింపకూడదు. పారేయకూడదు. హత్యలతో గుడికి ఇవ్వనూ కూడదు. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి నేనే ఒక దారి చెప్పాను.

"గియ్యడం మొదలెట్టావు గనక గియ్యి. కానీ మనిషి పోయినప్పుడల్లా కింద గడి వదిలియ్యాల. దాన్లో నాను రామనామం రాత్తాను. పుస్తకం ముట్టుకుంటే తానం సేసి ముట్టుకోవాల."

"సలికాలంలో కూడానా, అప్పా?" అన్నాడు. మావైపు అక్కను అప్ప అంటారు.

"సలికాలంలో నీ చాక్‌వాలా సంపడం మానేత్తాడా?"

వాడు ఆలోచించాడు. "నువ్వు రాసేది సచ్చినోడికే కదా. మరి సంపినోడికి రాయవా?"

"సంపినోడి సంగతి తర్వాత సూద్దాం" అన్నాను. అప్పటికి ఆ పంచాయితీ తెగితే చాలు అనుకున్నాను.

ఆ మాట మీద మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది. జనవరిలో మన ఊరి చలి మీకు తెలుసు. ఆ నెల వచ్చిన పేజీల్లో హత్యలు బాగా తక్కువ. చాక్‌వాలా ఊరికే యార్డులో తిరుగుతూ టీలు తాగేవాడు. ఎందుకని మీరు అడిగేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

చదవడానికి వచ్చేవాళ్ళకూ అదే నియమం. రాముడి పుస్తకం కాబట్టి కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, చెప్పులు మెట్టు కింద విప్పాలి. పదిమంది పిల్లలు, పది జతల చెప్పులు. వాళ్ళు లోపల మోకాళ్ళు ఒకరికొకరు తగిలించుకుని "పన్నా పలట్, పన్నా పలట్", పేజీ తిప్పు అని తోసుకుంటుంటే మా తమ్ముడు బయట ఆ చెప్పుల్ని వరసగా పేర్చేవాడు. వెళ్ళేటప్పుడు వేసుకోవడానికి వీలుగా ముందువైపు వీధికి తిప్పి పెట్టేవాడు. ఆ అలవాటు వాడికి చివరిదాకా పోలేదు. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా గుమ్మం దగ్గర వంగి ఉన్నాడంటే మా తమ్ముడే.

పిల్లలందరికీ అర్థం కావాలని మాటలు హిందీలో రాసేవాడు. తెలుగులో ఉండేది కింద గడిలో నేను రాసే పేరు ఒక్కటే. తెలుగు రాని పిల్లలు కూడా దాన్ని గుర్తుపట్టేవారు. ఒక పంజాబీ అబ్బాయి, ఇప్పుడు రైలింజను నడుపుతున్నాడు, అనేవాడు: "గోల్ గోల్ అక్షర్ ఆయా, మతలబ్ ఆద్మీ గయా." గుండ్రటి అక్షరం వచ్చిందంటే మనిషి పోయినట్టే.

చాక్‌వాలా కథ మీకు గుర్తుండే ఉంటుంది, అయినా చెబుతాను. ఖాళీ బొగ్గు వ్యాగన్లో ఏడుస్తున్న పసివాణ్ణి, చక్రాలు కొట్టి చూసే ఒక ముసలాయన దొరకబుచ్చుకుని పెంచాడు. సుత్తి చప్పుడు వినడం నేర్పాడు. పెద్దయ్యాక వాడు ఒక సేఠ్ చేతిలో పడ్డాడు. చంపమన్నవాళ్ళను చంపడం వాడి పని. ముందురోజు వాళ్ళ తలుపు మీద చాక్‌తో అడ్డంగా గుర్తు వేసేవాడు, బాగులేని బండి మీద వేసినట్టు. ఇంజను కూత వేసినప్పుడు లోపలికి వెళ్ళేవాడు. బూట్లు ఎక్కడా విప్పేవాడు కాదు. పడుకున్నా బూట్లతోనే.

"ఎందుకురా పాపం, ఆ బూట్లు?" అని ఒకసారి అడిగాను.

"చెప్పులు ఇప్పినోడు పరిగెట్టలేడప్పా" అన్నాడు.

చాక్‌వాలా ముఖం మాకు ఎప్పుడూ కనబడలేదు. టోపీ నీడలోనే ఉండేది. ఏ బొమ్మైనా బూట్లతో మొదలుపెట్టేవాడు మా తమ్ముడు. "ముఖం అబద్దమాడతాది. కాళ్ళు ఆడవు" అనేవాడు. అప్పుడు నవ్వాను. తర్వాత గుళ్ళో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూస్తుంటే నిజమేననిపించేది.

కథ ఎక్కడ ఆగిందో మీకు తెలుసు. సేఠ్ చేసిన ఒక హత్యను ముసలాయన చూశాడు. సాక్ష్యం చెబుతానన్నాడు. సేఠ్ చాక్‌వాలాకు ఆ ఇంటి గుర్తులు చెప్పాడు. చాక్‌వాలా తాను పెరిగిన ఇంటి తలుపు మీదే గుర్తు వేశాడు. ఆ పేజీ అయిన వారంలో మా నాన్న పోయారు.

ముసలాయన ఎవరో మీరు కనిపెట్టలేదేమో, మాకు తెలుసు. తమ్ముడికి ఆ ముఖం మళ్ళీ గీయడానికి చేతులు రాలేదు. పుస్తకాన్ని అమ్మ పాత చీర గుడ్డలో చుట్టి ఆ ఇంట్లోనే పూజ అలమరలో పెట్టాను. ఒక్క పేజీ మిగిలింది. ఆ తర్వాత వాడికి ఉద్యోగం, పెళ్ళి, కూతురు. అమ్మ కూడా పోయింది. ముప్పై ఏళ్ళు దాటింది.

రెండేళ్ళ కిందట వాడికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఈ చలికాలం ఆస్పత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తుంటే అన్నాడు.

"అప్పా, పుస్తకం తెచ్చి పెట్టు. ఆ పేజీ గీసీత్తాను."

"ఇక్కడా? ఈ మంచం మీదా? ఇక్కడ అంతా మైలరా. ఇంటికెల్లాక తానం సేసి గీద్దువు గాని."

"ఇంటికెల్లాక..."

"ఆఁ. తర్వాత."

వాడు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక అన్నాడు. "నీకు ఆ మాటంటే బలే ఇష్టమప్పా. చాక్‌వాలా సంగతి కూడా తర్వాతే అన్నావు. ముసిలోణ్ణి సంపితే కింద గడి నువ్వు రాత్తావు. సంపకపోతే సేఠ్ ఈణ్ణి బతకనివ్వడు. అప్పుడు ఈడికి ఎవులు రాత్తారు?"

నా చేతిలో బత్తాయి తొన ఉంది. దాన్ని వాడి నోటికి అందించాను. ఆ రోజు నా నియమమే నాకు కనబడింది, వాడు కనబడలేదు. ఇది మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

వారం తర్వాత ఇంటికి తీసుకొచ్చారు. కుర్చీలోంచి లేస్తేనే ఊపిరి అందేది కాదు, స్నానం ఎక్కడిది? మళ్ళీ పుస్తకం మాట ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను. వాణ్ణి చూసి బయటికి వచ్చేటప్పుడల్లా నా చెప్పులు వీధివైపు తిరిగి ఉండేవి. కూతురిచేత పెట్టించేవాడట.

వాడు పోయాక పన్నెండు రోజులూ అయ్యాయి. పదమూడో రోజు ఇల్లు కడిగాక అలమర తెరిచాను. అమ్మ చీర గుడ్డ అక్కడే ఉంది. కానీ ముడి నాది కాదు. నేను వేసే ముడి నాకు తెలుసు.

మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నేను తెలుగులో అడిగితే అది ఎప్పుడూ హిందీలోనే జవాబిస్తుంది.

"ఇది ఎవులు ఇప్పినారమ్మా?"

"మైనే దియా థా, బువా. నహా నహీ పా రహే థే న... గీలే కపడే సే హాథ్ పోంఛ్ దియే. పైర్ భీ. ఫిర్ దియా." స్నానం చేయలేకపోతుంటే తడిగుడ్డతో చేతులూ కాళ్ళూ తుడిచి ఇచ్చిందట. రోజుకు రెండు గీతలో మూడో గీసి పెన్సిలు కింద పెట్టేసేవాడట. తలవంచుకుని, వచ్చీరాని తెలుగులో అడిగింది. "తప్పు చేసానా?"

"నువ్వు కాదమ్మా. తప్పు నాది" అన్నాను. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం నేల మీద కూర్చుని ఆఖరి పేజీ తీశాం.

గీతలు వణికాయి. అయినా వాడి గీతలే. మొదటి గడిలో తలుపు, దాని మీద చాక్ గుర్తు. రెండో దాంట్లో ఒక అరచెయ్యి ఆ గుర్తును తుడుస్తోంది, సగం పోయింది, సగం ఉంది. మూడో దాంట్లో తలుపు తెరిచి ఉంది. ముసలాయన ముఖం ఎక్కడా లేదు. గీయలేకపోయాడో, అక్కర్లేదనుకున్నాడో.

నాలుగోది మా మెట్టు. ఎవరి మెట్టో వేరే చెప్పక్కర్లేదు, అంచు విరిగిన చోటు కూడా గీశాడు. దాని కింద పది జతల పిల్లల చెప్పులు, వరసగా. వరస చివర ఒక జత పెద్ద బూట్లు.

"ఉతార్ దియా" అంది మేనకోడలు మెల్లిగా. విప్పేశాడు.

ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు. ముసలాయన బతికాడు. చాక్‌వాలా లోపలికి వెళ్ళాడు. సేఠ్ తర్వాత ఏం చేశాడో మా తమ్ముడు గీయలేదు, నాకు తెలియదు.

ఆ బొమ్మ కింద గడి ఖాళీగా ఉంది. చుట్టూ గీతను మళ్ళీ దిద్దాడు, కనబడకుండా పోతుందేమోనని. ఆ పేజీలో ఎవరూ చావలేదు. అయినా గడి వదిలాడు. నాకోసమే వదిలాడు.

స్నానం పొద్దున్నే అయింది. అయినా మేనకోడలిని తడిగుడ్డ తెమ్మన్నాను. వాడికి తుడిచిన గుడ్డే తెచ్చింది. చేతులు తుడుచుకున్నాను. పెన్ను తీసుకుని ఆ గడిలో శ్రీరామ అని రాశాను.

పుస్తకం గుడికి ఇవ్వలేదు. బాగ్‌బేరాలో ఆ ఇంట్లోనే ఉంటుంది. చూడాలనుకున్నవాళ్ళు రండి. మేనకోడలు చూపిస్తుంది. కుళాయి పాతచోటనే ఉంది.

సిరా ఆరేదాకా పేజీ మూయకుండా ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. పిల్లల చెప్పులన్నీ వీధివైపు తిరిగి ఉన్నాయి, వాడు ఎప్పుడూ పెట్టినట్టే. పెద్ద బూట్లు మాత్రం తలుపువైపు ఉన్నాయి. లేసులు పూర్తిగా వదులు చేసి ఉన్నాయి. ఎడమ బూటు కాస్త ఒరిగి, పక్కనున్న చిన్న చెప్పుకు ఆనుకుని ఉంది.