నున్నటి కాగితం మీద ముద్ర

ఎండలు ఇంక తగ్గుతాయి అనుకునే రోజుల్లో లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయి. పెద్దాఫీసు దగ్గర లారీ దింపిన కట్టలను నా తోపుడు బండి మీద వేసుకుని నేనే తెచ్చాను. ఆ లైబ్రరీలో మా అక్క పని చేసేది. ఊడవడం, తుడవడం, నీళ్లు పట్టడం, పుస్తకాలకు ముద్రలు వేయడం. అక్కడికొచ్చే పిల్లలు ఆమెను ముద్రమ్మ అనేవాళ్లు. పెద్దవాళ్లకూ అదే అలవాటైపోయింది. అసలు పేరుతో పిలిస్తే అక్క కూడా ఒక్క క్షణం ఆలోచించుకుని పలికేది.

మా బావ అక్కడ రాత్రి కాపలా ఉండేవాడు. ఆయన పోయాక అప్పటి లైబ్రేరియన్ సారు జాలిపడి అక్కను పనిలో పెట్టుకున్నాడు. టెంపరరీ అన్నాడు. ఆ సారు రిటైరయ్యాడు, తర్వాత వచ్చినాయన కూడా రిటైరయ్యాడు, అక్క మాత్రం టెంపరరీగానే ఉండిపోయింది. అయినా వేరే పని వెతుక్కోలేదు. కారణం లైబ్రరీ వెనకున్న గది. బావ ఉన్నప్పుడు ఇచ్చిన గది అది. అందులో మంచం మీద అక్క అత్తగారు ఉండేది. జారిపడి నడుము విరిగాక మళ్లీ లేవలేదు, చేతులు కూడా సరిగా స్వాధీనంలో లేవు. నీళ్లు తాగించాలన్నా, పక్కకు తిప్పాలన్నా, బట్ట మార్చాలన్నా ఇంకొకరు కావాలి. అక్క ఒక హాలు ఊడ్చి వెళ్లి ఆమెను ఇటు తిప్పేది, ఇంకో హాలు ఊడ్చి వెళ్లి అటు తిప్పేది. ఇంకెక్కడ పని చేసినా అలా కుదరదు. పని పోతే గది పోతుంది, గది పోతే ఈ ముసలామెను చూసుకునే దారే ఉండదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. మాకంటే ముసలామెకు ఇంకా బాగా తెలుసు.

నడుమే గానీ నోరు విరగలేదు ఆమెకు. కోడలు చెంచాతో పోస్తుంటే తాగుతూనే తిట్టేది. తన కొడుకు పోయాక ఈ పుస్తకాలనే పెళ్లి చేసుకుందని దెప్పేది. అక్క మూతి తుడిచేది, కాస్త గట్టిగానే తుడిచేది.

అక్కకు గర్వమంటూ ఉంటే ఆ ముద్రల పని ఒక్కదాని మీదే. పుస్తకానికి ముందు పేజీలో ఒకటి, చివర ఒకటి, మధ్యలో ఎవరికీ చెప్పని పేజీలో ఇంకొకటి. ఎవడైనా ఎత్తుకుపోయి ముందూ వెనకా చింపేసినా ఆ మధ్య పేజీ తెరిస్తే దొరికిపోతాడు. అది ఎన్నో పేజీ అన్నది అక్క మాకు కూడా చెప్పలేదు. అదేదో చెప్పమని అత్తగారు ఊరికే కదిపేది.

"మంచం దిగలేనిదాన్ని, నేనెవరికి చెప్తానే?"

"కిటికీలో నిలబడ్డ వాళ్లందరికీ నా సంగతులు చెప్పట్లేదా? అలాగే," అనేది అక్క.

ఆ ఏడు లైబ్రరీకి కొత్త మేడం వచ్చింది. వెనకే పెద్దాఫీసు నుంచి కబురు కూడా వచ్చింది. ఊడ్చే పని, కాపలా పని కాంట్రాక్టరుకు ఇస్తున్నారట. టెంపరరీ వాళ్లను తీసేస్తారట. మరీ అవసరమనుకుంటే లైబ్రరీకి ఒక్కరిని ఉంచుకోవచ్చు గానీ దానికి అక్కడి ఆఫీసరు ఒప్పుకోవాలి. సెలవుల్లో అక్కడ పిల్లలకు కథలు చదివి వినిపించేవాళ్లు. ఆఖరి రోజు ఆఫీసరే వస్తాడని, కొత్త పుస్తకాలు ఆయన చేతుల మీదుగా పిల్లలకు ఇప్పించాలని అనుకున్నారు. ఆ రోజు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే అక్క సంగతి ఆయన చెవిన వేస్తానని మేడం మాటిచ్చింది.

వచ్చినవన్నీ పిల్లల బొమ్మల పుస్తకాలు. పేజీలు అద్దంలా మెరుస్తున్నాయి. అక్క కొంగుకు చేతులు తుడుచుకుని మరీ ముట్టుకుంది. అంతకుముందు ఆ లైబ్రరీకి వచ్చినవన్నీ గరుకు కాగితం పుస్తకాలే. ముద్ర పడీ పడగానే సిరా పీల్చేసేవి. ఇలాంటి కాగితం ఆమె చేతికి రావడం అదే మొదలు.

ఆఫీసరు చూస్తాడు కదా, మసకగా పడకూడదని ప్యాడు తడిసేలా సిరా పోసింది. ముద్ర వేయడం, మూయడం, పక్కన పెట్టడం. ఆ చెయ్యి ఎక్కడా ఆగేది కాదు, మాట్లాడుతూ కూడా తప్పేది కాదు. వేడికి కొత్త అట్టలు పైకి లేస్తాయని దొంతరలు పేర్పించి, వాటి మీద లావుపాటి డిక్షనరీలు పెట్టించింది నాతో. ఎప్పుడూ చేసే పద్ధతే అది. మేడం వచ్చి చూసి, నీటుగా ఉందని మెచ్చుకుంది.

ఆఖరి రోజు అక్క పొద్దున్నే అత్తగారికి ఒళ్లు తుడిచి, బట్ట మార్చి, ఇస్త్రీ చీర కట్టుకుని హాలు గుమ్మం పక్కన నిలబడింది. కుర్చీలు మోసిన నేను కూడా అక్కడే ఉన్నాను. పిల్లలందరి ఒళ్లోనూ తలా ఒక పుస్తకం. ఆఫీసరు ఒక ఏనుగు పుస్తకం తీసుకుని, నేను చదువుతాను, మీరూ తెరవండి అన్నాడు. అట్ట తెరుచుకుంది, లోపలి పేజీ రాలేదు. వేలితో గీరాడు. కాస్త లాగాడు. పర్రుమని చిరిగింది. ఏనుగు మొహం సగం ఆ పేజీలో, సగం ఈ పేజీలో, మధ్యలో ఊదారంగు సిరా మరక.

మాదీ అంటుకుంది సార్ అని ఒక మూల నుంచి ఒక గొంతు. తర్వాత అన్ని మూలల నుంచీ. పిల్లలు చేతులు పైకెత్తి చూపించుకుంటున్నారు, అందరి వేళ్లూ ఊదాగానే ఉన్నాయి. వాళ్లకు నవ్వులాటగా ఉంది. హాలంతా కాగితాలు చిరిగే చప్పుడు.

ఆఫీసరు జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ, ఈ ముద్రలు ఎవరు వేశారని నెమ్మదిగానే అడిగాడు. మేడం నేల చూస్తోంది. అక్క గుమ్మం దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

"నేనేనండి."

"కాగితం ఎలాంటిదో చూసుకోవద్దా అమ్మా?"

"ఇన్నేళ్లూ ఇలాగే వేశానండి."

"అదేనమ్మా ఇబ్బంది," అన్నాడాయన. ఇంక అక్క వైపు చూడలేదు.

సాయంత్రం మేడం వెనక గదికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. లోపలికి రాకుండా అక్కడే నిలబడి, ఆయన వినలేదని, బడులు తెరిచేలోగా గది ఖాళీ చేయాలని చెప్పింది. వెళ్లబోయి ఆగింది.

"మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి ఆరనివ్వమని నేనైనా చెప్పాల్సింది ముద్రమ్మా. నాకూ తట్టలేదు."

అక్క తల ఊపింది. మంచం మీద నుంచి ముసలామె అంది, "ఆ మాట ఆయన ముందు అనుంటే బాగుండేదమ్మా."

 మేడం గుమ్మం దిగి వెళ్లిపోయింది.

ఖాళీ చేసే రోజు ముసలామెను మంచంతో సహా నా బండి మీదే ఎక్కించాం. పేపరు చదువుకునేవాళ్లు కిటికీల్లోంచి చూశారు. ఏళ్ల తరబడి వీధి చూడని మనిషి, దారంతా ఎండకు కళ్లు చికిలించి, ఈ మేడ ఎవరిది, ఆ కొట్టు ఏమైపోయింది అని అడుగుతూనే వచ్చింది. గతుకుల దగ్గర మాత్రం పళ్లు బిగపట్టేది.

మా ఇల్లు రేకుల గది ఒక్కటే. నా భార్య కుట్టు పనికి పోతుంది, నేను బండికి పోతాను. అక్కకు గోడౌనులో గోనెలు కుట్టే పని దొరికింది. పొద్దున లోపలికి పోతే గేటు వేసేస్తారు, మళ్లీ సాయంత్రమే తీస్తారు. మధ్యలో వచ్చి చూసే వీలే లేదు.

మొదటి రోజు అక్క గుమ్మం దగ్గరే తచ్చాడింది. తలుపు దగ్గరగా వేసి పోనా, గొళ్లెం పెట్టనా అంది.

"గొళ్లెం పెట్టు. నా అందం చూసి ఎవడైనా ఎత్తుకుపోగలడు," అంది ముసలామె.

మేం నవ్వలేదు. అక్క గ్లాసు, చెంచా పట్టుకుని మంచం మీద కూర్చుంది. రేకులు అప్పటికే కాగుతున్నాయి. చెంచా పెదాల దాకా తెస్తే ఆమె మొహం అటు తిప్పుకుంది.

"కొంచెం తాగండత్తా. సాయంత్రం దాకా ఎవరూ ఉండరు."

"అందుకే వద్దంటున్నా. తాగితే తడుపుతాను. నువ్వొచ్చేదాకా ఆ తడిలో పడుండాల్సింది నేను."

 ముసలామె మళ్లీ ఇటు తిరగలేదు. గేటు వేసేస్తారు, పో అని మాత్రం అంది. అక్క గ్లాసు కింద పెట్టి, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, బయటికొచ్చి గొళ్లెం పెట్టింది. ఇద్దరం వీధి చివరిదాకా కలిసే నడిచి, అక్క గోడౌను వైపు, నేను బండి తోసుకుంటూ ఇంకోవైపు పోయాం.