హెయిసాకు కాళ్ళ మీది వేళ్ళ గుర్తులు

జపాన్‌లో, ఎహిమే కొండవాలులో మా ఊరంతా కమలాతోటలే. ఆ తోటల్లోనే జీవితమంతా కాయలు కోసిన హెయిసాకు బాబాయి ఆ చలికాలం లేవలేకపోయాడు. పిక్కల నిండా కమిలిన మచ్చలు. చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారేవి. ఎప్పుడో రంపం కోసుకుని మానిపోయిన ముంజేతి గాటు దానంతటదే విచ్చుకుంది. పెద్దాసుపత్రిలో రక్తం క్యాన్సరేమోనని ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. ఏమీ దొరకలేదు.

బాబాయికి మాత్రం అనుమానమే లేదు.

"తోకి వేళ్ళివి," అన్నాడు నాకు పిక్క చూపించి. తోకి అంటే కిందటేడు పోయిన ఆయన భార్య. "రాత్రిళ్ళొచ్చి లాగుతోంది. ఈ గాటుకి కట్టు కట్టిందీ ఆవిడే, ఇప్పుడు విప్పుతోందీ ఆవిడే."

"బతికుండగా పిన్ని నిన్ను బజారుక్కూడా తోడు రమ్మనలేదు కద బాబాయ్!"

బాబాయి నవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఆ మచ్చలు నాకూ వేళ్ళలాగే కనిపించాయి.

ఊరు దీన్ని దాంపత్యమంది. పోయినవాళ్ళ మీద ప్రేమంటే చాలు, మనిషి కళ్ళముందు కుళ్ళుతున్నా మనవాళ్ళు చేతులు జోడిస్తారు.

ఇంటికొచ్చి చూసే డాక్టర్ మినోబె జోడించలేదు. భూతద్దం తీసింది.

"వెంట్రుకలు మెలికలు తిరిగాయి. ప్రతి కుదుట్లో నెత్తుటి చుక్క. తాతగారూ, మీకు పళ్ళు అందుతున్నాయా?"

"కమలాలోళ్ళింట్లో అదేం ప్రశ్నమ్మా? ఇల్లంతా అవే!"

పెద్దాసుపత్రి ఈ జవాబుతోనే సరిపెట్టుకుంది. ఈవిడ చుట్టూ చూసింది. తోకి ఫొటో ఉన్న పూజామందిరం ముందు కమలాలు గుట్టగా ఉన్నాయి, అడుగువి బూజు పట్టాయి. పెట్టినవి కాసేపటికి దించి ఇంట్లోవాళ్ళు తినడం మా ఆనవాయితీ.

"ఇవి దించలేదేం?"

"ఆవిడింకా తినందే?"

"మరి మీరేం తింటారు?"

"గంజన్నం, బార్లీ టీ. ఆవిడ పోయినప్పట్నుంచి అంతే."

"ఇది విటమిన్ సి లేక వచ్చే జబ్బు. పాతకాలం ఓడల్లో మనుషుల్ని చంపింది. మిమ్మల్నీ వదలదు." రక్తం తీసుకుంది, ఫలితం రాకముందే మాత్రలు చేతిలో పెట్టింది.

"నయమైతే ఆవిడ రాదు కదా?"

"మీ ఆవిడెప్పుడైనా మీ మీద చెయ్యెత్తిందా?"

"ఛ, ఛ!"

"మరి చంపుతోందని ఊరందరికీ చెబుతారేం?"

బాబాయి తోకి ఫొటో వైపు చూశాడు. తర్వాత మాత్ర మింగాడు.

చిగుళ్ళు గట్టిపడ్డాయి. గాటు మూసుకుంది. మచ్చలు పచ్చబడి మాయమయ్యాయి. ఒక ఉదయం ఎండలో కూర్చుని, పైజామా పైకి మడిచి, కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏం వెతుకుతున్నావ్ బాబాయ్?"

"ఒక్కటైనా మిగిలిందేమోనని."