యానిమేలోకెక్కిన కుర్చీ

కురమోతో తేయిజికి యానిమే అనే బొమ్మల సీరియళ్ళంటే ద్వేషమేమీ లేదు. ఆయన ఎప్పుడూ చూడలేదు, అంతే. చూడని దానివల్ల ఇన్ని తిప్పలు పడాల్సి రావడమే ఆయనకు మింగుడుపడలేదు.

ఆయన సెలూన్ సెతో సముద్రపు ఒడ్డున, పడవల రేవు నుంచి పైకెక్కే వాలు వీధిలో ఉంది. తండ్రి పెట్టిన కొట్టు. ఓడల కార్ఖానా నడిచినన్నాళ్ళు సెలవు రోజొస్తే జనం వీధిలో నిలబడి తమ వంతు కోసం చూసేవారు. ఆ మంచి రోజుల్లోనే తండ్రి ఒసాకా నుంచి ఇనప చట్రమూ ఎర్ర తోలూ ఉన్న కుర్చీని పడవ మీద తెప్పించాడు. తేయిజి ఒకయామా పట్నంలో పని నేర్చుకుని వచ్చి, ఆ కుర్చీ వెనకే నిలబడి, తన జుట్టు నెరిసేదాకా, ఆ తరవాత పూర్తిగా ఊడేదాకా పని చేశాడు. ఈలోగా కార్ఖానా మూతపడింది. వయసువాళ్ళు ఊరు విడిచారు. మిగిలిన ముసలి తలలు తనకూ భార్య సుమియేకూ చాలుననుకున్నాడు.

ఒక వేసవిలో ఇద్దరు యువకులు వచ్చి, వంగి వంగి దండాలు పెట్టి, కొట్టును ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగారు. బీమావాళ్ళో, రోడ్డు వెడల్పు చేసేవాళ్ళో అనుకుని, "తీసుకోండి, నాదేం పోయింది" అన్నాడు తేయిజి. పోయేది ఏమిటో ఆయనకు మరుసటి ఏడాది తెలిసింది.

ఆ ఫొటోలు చూసి కొట్టును గీసిన యానిమే సీరియల్ టీవీలో వచ్చింది. అందులో ఒక స్కూలు పిల్ల మనసు బాగాలేనప్పుడల్లా రేవు పక్క సెలూన్‌లోకి వచ్చి ఎర్ర కుర్చీలో కూర్చుంటుందట. వెండి జుట్టున్న పొడుగాటి క్షురకుడు ఒక్క మాటైనా అడక్కుండా వేడి టీ ఇస్తాడట. అతని కాళ్ళ దగ్గర ఒక నల్లపిల్లి. తేయిజి పొట్టి. నెత్తిమీద వెంట్రుక లేదు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. పిల్లి దరిదాపుల్లోకొస్తే తుమ్ములు.

"మాస్టర్, పిల్లి ఎక్కడ?" అని అడిగేవారు సీరియల్ చూసి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు.

"లేదు."

"బయటికెళ్ళిందా?"

"పుట్టనే లేదు!"

వాళ్ళు దానికి కూడా పకపకా నవ్వి, ఆ నవ్వుతున్న మొహాలతోనే ఫొటో తీసుకునేవారు. క్షవరం చేయమంటారా అంటే మాత్రం, "వద్దండీ, కాసేపు కూర్చుని పోతాం" అనేవారు. లావుపాటివాళ్ళు, బక్కవాళ్ళు, సూట్లవాళ్ళు, ఆ స్కూలు పిల్లలాగే నీలం గౌను వేసుకొచ్చిన మీసాలాయన కూడా, అందరూ ఆ కుర్చీలో కూర్చున్నారు. సుమియే గుమ్మంలో చిన్న బల్ల వేసి, పర్యాటక సంఘం పంపిన బ్యాడ్జీలూ, తాను చేసిన నారింజ జెల్లీ అమ్మడం మొదలుపెట్టింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమెను ఇంత హుషారుగా చూడలేదు తేయిజి. అందుకే చాలాకాలం పళ్ళ బిగువున ఊరుకున్నాడు.

అంతమంది ఎక్కి దిగితే ఏ కుర్చీ మాత్రం ఆగుతుంది? పైకి లేపే మీట వదులైపోయి, ఎత్తిన కుర్చీ నెమ్మదిగా కిందికి దిగజారసాగింది. ఒకరోజు ఉమెజావా అనే ముసలి జాలరికి గడ్డం గీస్తుండగా అది ఒక్కసారిగా కూలబడింది. కత్తి చెవి తమ్మెకు తగిలింది. నురగలో రక్తం.

"ఒరే తేయిజీ," అన్నాడు ఉమెజావా అద్దంలోకి చూస్తూ, "మీ నాన్న చేతిలో నాకు అన్నేళ్ళూ గీత పడలేదురా. టీవీలోకెక్కాక నీ చేతికి పొగరొచ్చింది."

"చెయ్యి కాదన్నా, కుర్చీ..."

"కుర్చీ మీద తోస్తావా? కత్తి పట్టుకుంది ఎవడు?"

ఆ మాట తేయిజికి గుచ్చుకుంది. ఆ సాయంత్రమే కొత్త కుర్చీ తెప్పిస్తానని చెప్పాడు.  సుమియే వెంటనే ఫోను చేసింది. తెల్లారేసరికి పర్యాటక సంఘంలో పనిచేసే చినత్సు స్వీట్ల పెట్టె పట్టుకుని దిగింది. ఆమెకు పుట్టువెంట్రుకలు తీసింది తేయిజే.

"బాబాయ్, ఆ కుర్చీ నీది కాదు, ఊరిది."

"ఊరిదా? అయితే మీట ఊరే బాగుచేయించాలి."

"చేయిస్తాం. కాకపోతే తోలు మార్చకూడదు, రంగు మార్చకూడదు, ఆ చిరుగు ఉండాలి. సీరియల్‌లో చిరుగు ఉంది."

"చిరుగు కూడా గీశారా!"

"అది లేకపోతే జనం ఒప్పుకోరు బాబాయ్. పోనీ గడ్డాలు మానెయ్యి. జుట్టు మాత్రం కత్తిరించు."

"ఏం, ఈ ఊళ్ళో గడ్డాలు మొలవడం మానేశాయా?"

చివరికి కుదిరిన ఒప్పందం తలుచుకుంటే తేయిజికి ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. పాత కుర్చీ ముందు గదిలో తాడు కట్టి ఉంచాలి. కొత్తది వెనక గదిలో, బట్టలుతికే యంత్రానికీ అన్నం వండే కుండకూ మధ్య. ఆయన లోపల పనిచేస్తూ, ఎవరైనా పిలిస్తే బయటికొచ్చి కత్తెర పట్టుకుని కుర్చీ పక్కన నిలబడాలి. వీలైతే మాట్లాడకూడదు.

"మాట్లాడితే ఏమవుతుంది?" అని అడిగాడు.

"మీరు మాట్లాడితే సీరియల్‌లో ఆయనలా ఉండరండీ," అంది సుమియే చాలా మర్యాదగా.

వెనక గదిలో కిటికీ లేదు. తల ఎటు తిప్పినా దానిమీద నీడ పడేది. సగం క్షవరంలో ముందు గదిలోంచి పిలుపు గంట మోగేది. తుండు కప్పుకున్న మనిషిని వదిలేసి వెళ్ళి, మాటల్లేకుండా నిలబడి, తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపాడో గుర్తుండేది కాదు. పాతవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఒక సెలవు రోజున ఉమెజావా వస్తే గుమ్మం నుంచి రేవు దాకా వరస ఉంది. ఆయన తిన్నగా లోపలికి పోబోతుంటే ఎవరో ఎంతో వినయంగా, "తాతగారూ, వరస చివర అక్కడండీ," అన్నారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వారాలు గడిచాయి. ఉండబట్టలేక తేయిజి సంచీలో కత్తెర వేసుకుని కొండ మీది ఆయన ఇంటికి వెళ్ళాడు. ఉమెజావా వసారాలో వల బాగుచేసుకుంటున్నాడు. వల కోసే కత్తెరతోనే జుట్టు కూడా కోసుకున్నట్టున్నాడు. ఒక పక్క చర్మం కనిపిస్తోంది, ఇంకో పక్క పొద.

"ఏంటన్నా ఈ అవతారం?"

"బాగానే ఉంది. వరసలో నిలబడక్కర్లేదు."

"నన్నేం చేయమంటావు? ఇంట్లో ఆవిడ, ఊళ్ళో చినత్సు..."

"నువ్వు షాపులో బొమ్మవైపోయావురా. బొమ్మనేం అడుగుతాను? పో."

తేయిజి పోలేదు. తువ్వాలు తీసి ఆయన మెడకి చుట్టాడు. సముద్రం మీద నుంచి వెలుతురు తిన్నగా తలమీద పడుతోంది. ఎన్ని నెలలైందో ఒక తలను ఇలా శుభ్రంగా చూసి! చెవుల చుట్టూ కత్తెర ఆడుతుంటే తేయిజికి కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. ఇంత చిన్న పనిని తన కొట్టులో తాను చేసుకోలేకపోతున్నాడు.

కిందికి దిగొచ్చేసరికి వరస అలాగే ఉంది. తేయిజి తాడు విప్పి పారేశాడు.

"మీలో బలమున్నవాళ్ళు ఎవరు? రండి, ఓ చెయ్యెయ్యండి."

"ఎక్కడికి మాస్టర్?"

"రేవులోకి. పడవల కోసం కూర్చునే గదిలోకి."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మకబే అనే లారీ డ్రైవరు ముందుకొచ్చి ఒక పక్క ఎత్తాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ వచ్చారు. చేపల బండి మీద కుర్చీ వాలు వీధిలో దిగుతుంటే సుమియే చెప్పులు లేకుండా వెనకే పరిగెత్తింది.

"మీకు మతి పోయిందా? అది మామగారి కుర్చీ!"

"మా నాన్న దాన్ని చూడ్డానికి కొనలేదు!"

చినత్సు వచ్చేసరికి కుర్చీ కిటికీ పక్కన, సముద్రం వైపు తిరిగి ఉంది. అప్పటికే ఒకమ్మాయి అందులో కూర్చుని ఫొటో దిగుతోంది.

"బాబాయ్, సీరియల్‌లో కుర్చీ ఇక్కడ లేదు," అంది చినత్సు నీరసంగా.

"సీరియల్‌లో నేనూ లేను," అన్నాడు తేయిజి.

కొన్నాళ్ళు తిట్లు వచ్చాయి. ఎవరెవరో ఎక్కడెక్కడో ఏదేదో రాశారట. తరవాత జనం రేవులోనే ఆగి, కూర్చుని, వచ్చిన పడవలోనే తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. వాలు ఎక్కే బాధ తప్పింది వాళ్ళకి. సుమియే బల్ల కూడా అక్కడికే మారింది, కొత్త కుర్చీ వెనక గదిలోంచి ముందు గదికి వచ్చింది. ఆమె ఒక నెల మొగుడితో ముభావంగా ఉండి, జెల్లీ ఇక్కడకంటే అక్కడే ఎక్కువ అమ్ముడుపోతోందని తెలిశాక, మౌనం తనంతట తానే వదిలేసింది.

మకబే మాత్రం తరచూ పైకెక్కి వస్తాడు. మొదటిసారి కూర్చుని, ఆ సీరియల్‌లోని ఒక కుర్రాడిలా కత్తిరించమన్నాడు. తేయిజి అతని తలని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి చూసి, "ఉన్నది ఇంతే నాయనా, ఆశ వదులుకో," అని తనకు తోచినట్టు చేశాడు. అతను బాగుందనే అన్నాడు.

ఉమెజావా కూడా తిరిగొచ్చాడు. కొత్త కుర్చీ మరీ మెత్తగా ఉందని, నడుం పట్టేస్తోందని, పాతది ఎందుకు పంపేశావని ప్రతిసారీ సణుగుతాడు. తేయిజి నురగ కుంచె ఆయన మూతికి అడ్డంగా పులిమేసి కత్తి అందుకుంటాడు.