కదిలిన ధ్రువ నక్షత్రం

పెళ్లిలో ధ్రువ నక్షత్రాన్ని ఎవరూ నిజంగా చూడరు. పట్టపగలు పెళ్లైనా సరే, పంతులు వేలు చూపిస్తాడు, జంట "కనిపించింది" అంటుంది, అందరూ నవ్వుతారు. నా పెళ్లి మాత్రం 2009లో, పొద్దుగూకాక, శంషాబాద్‌కు దక్షిణాన మా ఊళ్లో జరిగింది.

పంతులు ఉత్తరం వైపు చూపించగానే పెళ్లికొడుకు "అగో, కనవడ్డది!" అన్నాడు. తళతళలాడే చుక్క. ధ్రువ నక్షత్రం అంత మెరవదని బళ్లో సైన్సు చెప్పే నాకు తెలుసు. అయినా ఆనవాయితీగా నేనూ తలూపాను. నిమిషం తిరక్కుండానే ఆ చుక్క రెండు దీపాలుగా చీలి, రొద చేసుకుంటూ పక్కకు తిరిగి, కిందటేడు తెరిచిన ఎయిర్‌పోర్టు వైపు దిగిపోయింది.

మావాళ్లు పకపకా నవ్వారు. షాద్‌నగర్ అవతలి నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు నవ్వలేదు. పెళ్లికొడుకు నాయనమ్మ లేచి నిలబడింది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు.

"కదలని చుక్కే కదిలె. గిదేం శకునం? పిల్లను ఇయ్యాల తోలుకపోవుడు లేదు."

తాళి పడ్డాక పుట్టింట్లోనే మిగిలిపోయిన పిల్లను ఊరు ఎట్లా చూస్తుందో నాకు తెలియదా? అమ్మ ముఖం పాలిపోయింది. పెళ్లికొడుకు నేల చూపులు చూస్తున్నాడు. అతని మీద ఒళ్లు మండిపోయింది.

నా నోరు ఊరుకుంటేనా! "అది విమానం, అవ్వా. అసలు చుక్క ఆడనే ఉన్నది, జర మసకగ. అది గూడ ఎప్పటికీ ఆడనే ఉండదు. భూమి బొంగరం లెక్క తల ఊపుకుంట తిరుగుతది. వెనకట ఉత్తరాన ఇంకో చుక్క ఉండె, ముందట అభిజిత్తు వస్తది."

అమ్మ నా చెయ్యి గిల్లింది. పంతులు కళ్లు మూసుకున్నాడు. ఇక అయిపోయింది, నా కాపురాన్ని నేనే చేతులారా చెడగొట్టుకున్నాను అనుకున్నాను.

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "ఎన్నొద్దులకు కదుల్తది?"

"వేల ఏండ్లు పడ్తది, అవ్వా."

ఆమె ఉత్తరం వైపు తిరిగి, ఆ మసక చుక్కను వెతికి పట్టుకుని, చాలాసేపు చూసింది.

"నా లగ్గంల గూడ గీ చుక్కనే చూపిచ్చిండ్రు, బిడ్డా. అది ఇంకా ఆడనే ఉన్నది. మీ తాత మూడేండ్లకే పాయె."

విధవనని పెళ్లంతా ఎడంగా కూర్చున్న మనిషి, నా దగ్గరికి వచ్చి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది. "నడువు, బండెక్కు" అంది. ఆ చెయ్యి వదలకుండానే కారెక్కాను.