ఏడు అక్షరాల్లో నలభై రెండు మాటలు

మహాదేవికి ఇంగ్లీషు మాటలు దొరికేది మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసేటప్పుడే. కూతురు లత నాలుగో తరగతి. వారానికోసారి బడిలో ఒక కాగితం ఇస్తారు. దాని మీద ఆరో ఏడో అక్షరాలుంటాయి, వాటితో ఎన్ని మాటలు వస్తే అన్ని రాసుకురావాలి. మహాదేవి పొద్దున ఆ కాగితం ఒకసారి చూసి గుంటలో దిగేది. రెండక్షరాలను మనసులో గట్టిగా పట్టుకుని, మిగతావాటిని ఒక్కొక్కటే తెచ్చి పక్కన నిలబెట్టేది. మధ్యాహ్నం కూటికి లేచేసరికి ఇరవై మాటలు సిద్ధంగా ఉండేవి.

గూడూరులో ఇంటర్ చదివి, ఎమ్మిగనూరు మగ్గాల వీధికి కోడలుగా వచ్చి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె చదువుతో ఎవరికైనా పని పడింది ఈ కాగితాలతోనే. వీధి పిల్లలంతా ఆమె గడపలో చేరేవాళ్లు. "మా ఇంట్లో మగ్గం నేస్తాందో, ఇంగ్లీషు నేస్తాందో తెలీదప్పా" అని మొగుడు బసవరాజు నవ్వేవాడు.

ఆదోని రోడ్డులో కొత్తగా పెట్టిన బడికి చిన్నపిల్లల టీచరు కావాలని తెలిసి, అర్జీ పెట్టింది. శనివారం పదింటికి ఆదోనిలోని వాళ్ల పెద్ద బడిలో పరీక్ష. ఎనిమిది గంటల బస్సు దొరకాలి.

శనివారమే పక్కింటి లింగమ్మ పడుగుకు గంజి పెట్టే రోజు. పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధి పొడుగునా సాగదీసి, గంజి పూసి, ఆరేలోగా కుంచెతో పోగు పోగూ విడదీయాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఆ వీధిలో ముయ్యి నడుస్తుంది: ఈ రోజు మీ పడుగుకు మేమొస్తాం, రేపు మా పడుగుకు మీరు రండి. గంజి కాచే వంతు మహాదేవి ఇంటిది. దానికో కట్టుబాటుంది. గంజి లోపంతో పోగులు తెగితే, కాచిన మనిషే ఆ మగ్గం దగ్గర కూర్చుని, పడుగు అయ్యేదాకా తెగిన పోగులు అతకాలి.

ఆ పొద్దు మబ్బు పట్టింది. చిక్కటి గంజి ఆరి, పని ముగిసేసరికి తొమ్మిదవుతుంది. గంజి పల్చనైతే కుంచె ఊరికే జారుతుంది, పని తొందరగా తెములుతుంది. ఎవరూ చూడకుండా మహాదేవి రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోసింది.

"ఈ పొద్దు కుంచె బలే పోతాందే" అన్నది లింగమ్మ.

"కొత్త కుంచె కదత్తా" అన్నది మహాదేవి.

బస్సు దొరికింది. పరీక్షలో ఏడక్షరాలిచ్చారు. పది నిమిషాలు టైం. సీటు, శాండు, ట్రేడు, నెస్టు, స్టారు... నలభై రెండు మాటలు రాసింది. బుధవారం ఫోనొచ్చింది. "వచ్చే సోమవారం ఎనిమిదికి చేరండి" అన్నారు.

గురువారం లింగమ్మ ఆ పడుగును మగ్గానికి ఎక్కించింది. రెండిళ్లకూ ఒకటే గోడ. మొగుడు పోయినప్పటినుంచి లింగమ్మ ఒక్కతే నేస్తుంది. ఆమె మగ్గం చప్పుడు ఆగడం ఎప్పుడూ లేదు. ఇప్పుడు నాలుగు దెబ్బలకొకసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఇవతల మహాదేవి చేయి కూడా ఆగింది. శుక్రవారం, శనివారం అదే వరస.

ఆదివారం సాయంత్రం లింగమ్మ గడపలోకొచ్చి నిలబడింది.

"మహాదేవీ, మీ ఆయప్పకు ఒక మాట సెప్పు. నా మగ్గం ఎవురన్నా కొంటారేమో అడగమను."

"ఎందుకత్తా?"

"కండ్లు పోయినాయే నాకు. యాడ జూసినా పోగులు తెగుతాండాయి. నలబై ఏండ్లు నేసిన సెయ్యి, ఇంగ సాలనుకుంటా."

లోపల లత, రేపు అమ్మ బడికి కట్టుకోవాలని, కొత్త చీరకు ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టింది. మహాదేవి దాని వైపు చూసింది. తాను నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. లింగమ్మ కూడా తన కళ్లనే తిట్టుకుంటుంది.

"నీ కండ్లు కాదత్తా. గంజి నేనే పల్సన సేసినా. బస్సు తప్పుతాదని."

లింగమ్మ గడప మీద కూర్చున్నది.

"ఎన్ని సెంబులు?"

"రెండు."

"బడికి ఎప్పుడు పోవాల?"

"రేపు."

ఇంగ్లీషు చదువుకున్నదానివి, పోయిరా అంటుందేమోనని మహాదేవి ఎదురుచూసింది. అంటే పోయేదే. లింగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకున్నది. ఏడ్చినట్లు లేదు, కుదుటపడినట్లుంది.

"ఇంగ నెలన్నర పట్టే పడుగు అది" అని మాత్రం అని వెళ్లిపోయింది.

సోమవారం ఏడున్నరకు బడికి ఫోను చేసి, నెలన్నర గడువు అడిగింది మహాదేవి. "అన్నాళ్లు ఆగలేమమ్మా. ముప్పై ఒకటి రాసినామె ఉంది, ఆమెకు చెప్తాం" అన్నారు. సరేనన్నది. బస్సు హారను వీధి చివర వినిపించింది.

లింగమ్మ అప్పటికే గుంటలో దిగి ఉంది. మగ్గం పక్కన పీట వేసి ఉంచింది. మహాదేవి కూర్చుని, తెగిన పోగుల కోసం పడుగు మీదికి వంగింది.

"ఆ అంచుది ముందు అతుకు" అన్నది లింగమ్మ.