రంగు వేసే ముందు

మహేశ్వర్ ఇరవై రెండేళ్లుగా మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఫిట్టరు. ధాన్యాన్ని పైకి లాగే ఎలివేటర్లు బిగించడం, వాటికి ఇనుప నిచ్చెనలు కట్టడం అతని పని. మాట తక్కువ. కోదాడలో ఇంజనీరింగు చదివిన కూతురు నిహారికకు బెంగళూరులో ఉద్యోగం దొరికితే, జులైలో ఆమెను హాస్టల్లో దింపడానికి వెళ్లాడు. మర్నాడు ఆదివారం.

"పూలతోటకు పోదమా డాడీ, విమానాల మ్యూజియంకు పోదమా?"

"పూలు మనూర్ల లెవ్వా?" అన్నాడు మహేశ్వర్.

మ్యూజియం ఆవరణలో పాత యుద్ధవిమానాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. జనం వాటి ముందు ఫొటోలు దిగుతున్నారు. లోపల ఒక పాత విమానం రెక్కను సగం తొడుగు విప్పి ఉంచారు. మహేశ్వర్ అక్కడ ఆగిపోయాడు. బయటికి బండలా కనిపించే రెక్క లోపలంతా బోలు. పక్కటెముకల్లా పలచని అల్యూమినియం పట్టీలు, వాటి మీద రేకు, దగ్గర దగ్గరగా రివెట్లు. ముట్టుకోబోయి, బోర్డు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెక్క అంచున ఒకచోట రివెట్లకు బదులు పొడుగాటి పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఇవేంది సార్?" అని పక్కన కుర్చీలో ఉన్న ముసలాయన్ని అడిగాడు.

ఆయన పేరు జాన్. కోలారు మనిషి, తెలుగు వచ్చు. ముప్పై ఏళ్లు విమానాలకు రివెట్లు కొట్టి రిటైరయ్యాడు. ఆదివారాలు వచ్చి అడిగినవాళ్లకు చెబుతుంటాడు.

"రేకు కదలకుండా అప్పటికి పట్టుకునే పిన్నులు. రివెట్టు పడేకొద్దీ ఒక్కోటి తీసేస్తాం. బయట ఒకడు కొడతాడు, లోపల ఇంకోడు ఇనుప దిమ్మె ఆనిస్తాడు. మూడోవాడు చూసి ముద్ర వేస్తాడు. కొట్టినవాడి పని వాడే చూసుకోకూడదు."

"ఎందుకు?"

"వాడి కంటికి బాగానే కనిపిస్తుంది కదప్పా."

మహేశ్వర్ రెక్క మీదికి వంగాడు.

"ఈ పిన్నులు అట్లనే ఉంచి రంగేస్తే?"

జాన్ నవ్వాడు. "ఎట్లా వేస్తావు? చేతికి గుచ్చుకోవూ? మర్చిపోకూడదనే గదా అంత పొడుగు పెట్టింది."

"మీరు గూడ గిట్లనే చేస్తరా డాడీ?" అంది నిహారిక.

అతను రెక్క దగ్గర్నుంచి కదిలాడు.

మిల్లుల్లో పిన్నులు పెట్టరు. నిచ్చెన మెట్లను ముందు రెండు చివర్లా టాకా, అంటే చుక్కంత వెల్డింగు, వేసి నిలబెడతారు. తర్వాత వెల్డింగు పూర్తిగా నింపుతారు. టాకా మీద రెడాక్సైడు రంగు పూస్తే నింపినదానికీ నింపనిదానికీ తేడా తెలియదు. రెండేళ్ల కింద ఒక మిల్లులో మహేశ్వర్ అలా ఒక మెట్టు మరచిపోయి రంగు వేశాడు. మర్నాడు ఎలివేటరు నడిపించే ముహూర్తం. సేటు కొబ్బరికాయ కొట్టి స్విచ్చు వేయించాడు. కాయ కొట్టాక పనిని మళ్లీ చూసే అలవాటు మిల్లుల్లో లేదు.

మూడో రోజు పైన బేరింగుకు గ్రీజు పెట్టడానికి మిల్లు కూలీ కాటయ్య ఆ నిచ్చెన ఎక్కాడు. నలభై అడుగుల నుంచి పడ్డాడు. అందరూ దవాఖానకు పరుగెత్తారు. "పైన చూసొస్త" అని మహేశ్వర్ ఒక్కడే నిచ్చెన ఎక్కాడు. ఒక చివర వేలాడుతున్న మెట్టును అతికించి, మళ్లీ రంగు వేసి దిగాడు. కాటయ్య దవాఖానలో చనిపోయాడు. నిచ్చెన బాగానే ఉంది కాబట్టి అతను తాగి ఎక్కాడన్నారు. కాటయ్య భార్య ఐలమ్మ కూడా నమ్మింది.

బెంగళూరు నుంచి తిరిగొచ్చాక, మంగళవారం పొద్దున మహేశ్వర్ కాటయ్య ఊరు నిడమనూరు వెళ్లాడు. ఐలమ్మ ఇంటి ముందు వరినాటుకు పోయే ఆడవాళ్లు అప్పటికే ఆటోలో ఎక్కి కూర్చున్నారు.

"ఏం ఫిట్టరూ, మిల్లులు బందైనయా? నాటేయ వస్తవా?" అంది ముఠా పెద్ద గౌరీబాయి. "నడుం వంగుతదా మరి?"

అందరూ నవ్వారు. ఐలమ్మ సద్దిగిన్నె పట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఏంది తమ్మీ, గింత పొద్దుగాల?"

"అక్కా, ఆ మెట్టుకు నేను వెల్డింగు నింపలె. టాకా మీదనే రంగేసిన. బావ పడ్డంక పైకెక్కి అతికించిన. ఎవ్వలకు చెప్పలె."

ఐలమ్మ గడప దిగి దగ్గరకొచ్చింది.

"అంటే ఆయన తాగలె?"

"తాగలె. పొద్దున్నుంచి నా పక్కనే ఉన్నడు. చాయ తప్ప ఏం ముట్టలె."

ఐలమ్మ గిన్నెను అరుగు మీద పెట్టింది. "రెండేండ్ల సంది తిడుతున్న. ఫొటో గూడ పెట్టె అడుగున వడేసిన." గొంతు పెరగలేదు. "మన్నించమని మాత్రం నన్నడగకు."

"అడుగుత లేను అక్కా."

"మరి నాకొక్కదానికే చెప్తె ఏమైతది? తాగుబోతోని పెండ్లామని ఊరంతా అన్నది."

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. "ఎక్కవే ఐలమ్మా, పొద్దెక్కుతుంది!" అని గౌరీబాయి అరిచింది.

ఐలమ్మ ఆటో దగ్గరకు నడిచింది. మహేశ్వర్ వెనకే వెళ్లాడు.

"జర ఆగుండ్రి. గీయన ఒక మాట చెప్తడు, ఇనుండ్రి," అంది. అతని వైపు తిరిగింది. "గట్టిగ చెప్పు. సప్పుడుకు ఇనబడదు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆటోలోంచి పదకొండు మంది ఆడవాళ్లు అతన్ని చూస్తున్నారు.

"కాటయ్య బావ ఆ రోజు తాగలె," అన్నాడు మహేశ్వర్. "ఆ నిచ్చెన కట్టింది నేను."