తెర వెనక రేడియో

రేడియోను తానే కనిపెట్టానని తమ్ముడు వీధంతా చాటుకుంటుంటే, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అక్క మూతి విరిచేది. ఆవిడ దర్జీ. కొలత మించితే గుడ్డనైనా, మాటనైనా కత్తిరించే రకం.

ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాలు ఆవిడకు తెలియనివా? లోపలి గాజు వాల్వులు రేవులో విప్పేసిన పాత ఓడలోవి. తీగలు కలిపే తీరు పత్రికలో బొమ్మ చూసి దించింది. చెక్కపెట్టె ఆవిడ దారపు కండెలది. అడక్కుండా ఎత్తుకుపోయాడు. ఇక అతని సొంతమల్లా పెట్టె మీద పెద్దక్షరాలతో చెక్కుకున్న పేరు.

"కరెంటు అక్కర్లేదక్కా, బ్యాటరీతో పలుకుతుంది! ఇంకెవరి బుర్రకైనా తట్టిందా?"

"తట్టినవాళ్లే కదరా పత్రికలో వేసింది!"

ఆదివారం సాయంత్రం వినడానికి రమ్మని ఇరుగుపొరుగునంతా పిలిచాడు. తీరా పొద్దుటినుంచీ వచ్చినవాడికల్లా వాల్వులు వెలిగించి చూపించి, బ్యాటరీని పీల్చి పిప్పి చేశాడు. జనం కూర్చునేసరికి పెట్టె కిక్కురుమనలేదు. "గాలి సర్దుకోవాలి" అంటూ లోపలికి జారుకున్నాడు. కాసేపటికి పెట్టె వెనకున్న గుమ్మం తెర చాటునుంచి గంభీరమైన గొంతు లేచింది.

"శ్రోతలకు నమస్కారం. రాజధానిలో ఈరోజు..." అని, ఫెడేలున తుమ్మింది.

ఆ తుమ్ము అక్క చిన్నప్పటినుంచీ ఎరిగినదే. "పాపం, వార్తలాయనకు జలుబు చేసినట్టుంది. కాసిన్ని వేణ్నీళ్లివ్వండి!" అంది.

వినడానికొచ్చిన పక్కింటి మంగలి లేచి తెర తొలగించాడు. నోటికి కిరసనాయిలు గరాటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు మహానుభావుడు. నవ్వులకు గది దద్దరిల్లింది.

తర్వాత బస్సుల షెడ్డులో బ్యాటరీకి ఛార్జింగు పెట్టించాడు. ఈసారి పెట్టె నిజంగానే పలికింది. కిటికీ పక్కనుంచి పోయేవాళ్లు, "ఇవాళ తెర వెనక ఎవరోయ్?" అంటూ సాగిపోయారు తప్ప ఒక్కరూ లోపలికి రాలేదు. కండెల పెట్టె అడగడానికొచ్చిన అక్క మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. గరగరల మధ్య ఎవరో ఆడమనిషి, ఎక్కడో దూరాన, పడవలవాళ్లకు గాలివాన కబురు చదువుతోంది. అక్క గుమ్మానికి ఆనుకుని ఆ కబురు చివరిదాకా వింది.

"విన్నావుగా! వాళ్లకు నువ్వైనా చెప్పక్కా."

"నిజాన్ని ముందే ఎంగిలి చేశావు కదరా. ఇప్పుడు ఎవరు ముట్టుకుంటారు?"

కండెల పెట్టె మాటే ఎత్తకుండా వెళ్లిపోయింది.

దుకాణాల్లోకి రేడియోలొచ్చాక, అవన్నీ తన దగ్గర కాజేసినవేనని తమ్ముడు కొత్త పాట అందుకున్నాడు. అక్క ఒకటి కొనుక్కుంది. అతను వీధి మలుపు తిరిగి ఇటు రావడం కనిపిస్తే చాలు, ఆ పాట చెవిన పడకుండా దాని గొంతు పెంచేది.